ఆకలిగొన్నవాడి అంతరాత్మ

"అన్నం పెట్టి మతం మార్చారు" అని ఒక పక్షం అంటుంది. "అన్నం పెట్టి ఆత్మలను రక్షించాము" అని రెండవ పక్షం అంటుంది. క్రైస్తవ మిషన్లు పరదేశాల పేదలకు చేసిన సేవను గురించి ఒకటిన్నర శతాబ్దంగా సాగుతున్న వివాదమంతా ఈ రెండు వాక్యాలలో ఇమిడి ఉన్నది. ఆ వాక్యాల మధ్య వైరం ఎంత తీవ్రమైనదైనా, వాటి వ్యాకరణం మాత్రం ఒక్కటే. రెండింటిలోనూ కర్త అన్నం పెట్టినవాడు, తిన్నవాడు కర్మ. ఆకలిగొన్నవాడికి కడుపు ఉన్నదని ఇరుపక్షాలూ ఒప్పుకొన్నాయి. అతనికి బుద్ధి కూడా ఉన్నదనీ, తనంతట తాను ఒక నిర్ణయానికి రాగలడనీ ఒప్పుకోవడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు. ఈ వివాదంలో అసలైన అన్యాయం అక్కడే ఉన్నది.

దీనిని పరీక్షించి చూడడానికి ఒంగోలు ఉదంతం కంటె తగినది దొరకదు. అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో ఆరంభమై, 1840లో నెల్లూరులో నిలదొక్కుకొన్నది. ఇరవై ఏండ్లు గడిచినా చెప్పుకోదగిన ఫలితం లేక, దానిని మూసివేయాలనే ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. పటంలో ఒంటరిగా మినుకుమనే చుక్క గనుక 1853 నుంచి దానికి 'ఒంటి నక్షత్రం' అన్న పేరు స్థిరపడింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు వచ్చాడు. ఆయన యౌవనంలో భూమి సర్వే పని చేసినవాడు. ఆ విద్య తరువాత ఎట్లా అక్కరకు వచ్చిందో ముందు తెలుస్తుంది.

ఆయన వచ్చిన తొలి దినాలలోనే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆ మిషన్‌ను వెదకుకొంటూ వచ్చాడు. ఈ మనిషిని కొంచెం నిలబెట్టి చూడవలసి ఉన్నది. పేరయ్య తోళ్ల వ్యాపారం మీద దూరప్రాంతాలు తిరిగినవాడు. అంతకు ముందే గురువులను ఆశ్రయించి, యోగమార్గం అభ్యసించి, తన గూడెంలోనే నలుగురికి గురుస్థానంలో ఉన్నవాడు. ప్రయాణంలో ఎక్కడో విన్న క్రైస్తవబోధ తన అన్వేషణకు జవాబుగా తోచి, దానిని చెప్పేవారెవరో కనుక్కొని వచ్చాడు. అది 1866. కరవుకు పదేండ్ల ముందుమాట. అప్పుడు గంజి కేంద్రం లేదు, కాలవ పని లేదు, కూలి డబ్బు లేదు. ఇట్టివారి పూర్వకథలనే క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ సేకరించి, 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పేరుతో 1899లో పుస్తకంగా వేసింది. మాదిగల ఆలోచనకు, వారి గురుపరంపరకు, దేవతలకు ఒక చరిత్ర ఉన్నదని అచ్చులో చూపిన తొలి పుస్తకాలలో అది ఒకటి. 'తిండికి లొంగిన మూక' అన్న మాటను పట్టుకు వేలాడేవారు ముందుగా పేరయ్యను గురించి జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఒంగోలు మిషన్‌ను మొదట ఆదరించినవారు అగ్రవర్ణాలవారే. తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలని వారు క్లౌ పెట్టిన బడికి పంపారు. మాదిగలను సంఘంలో చేర్చుకొంటే తమ పిల్లలను పంపమని అన్నారు. క్లౌ మాదిగలను చేర్చుకొన్నాడు. అగ్రవర్ణాల పిల్లలు బడి మానుకొన్నారు. అన్నం చూపి మనిషిని లాగడం ఒక ప్రలోభమైతే, బడి చూపి మనిషిని వెళ్లగొట్టమనడం మరొక ప్రలోభం. ఈ రెండవదానిని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

1876లో వచ్చినది ధాత కరవు. రెండేండ్లలో దక్షిణ భారతంలోనూ దక్కనులోనూ అర్ధకోటికి మించి జనం చనిపోయారు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాకు చక్రవర్తిని బిరుదు ప్రకటిస్తూ దర్బారు జరిగినప్పుడు మద్రాసు రాజధాని మాడిపోతున్నది. ఈ దేశపు ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండుకు వెళుతూనే ఉన్నది. ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కష్టమైన పని చేసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడు కూలి చాలునని నిర్ణయించాడు. అది మనిషిని బ్రతికించే కొలత కాదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు కార్నిష్ ఎదురు వాదించాడు. మిషన్ల గంజిని తూకం వేయడానికి త్రాసు పట్టుకొని వచ్చేవారు, ప్రభుత్వపు ఈ ఒక్క పౌనును కూడా ఆ త్రాసులోనే పెట్టవలసి ఉంటుంది.

కరవు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలవ తవ్వించడం మొదలుపెట్టింది. ఆ పనిలో మాదిగలు ఎక్కడికి పోయినా అగ్రవర్ణాల మేస్త్రీల చేతి కింద పడవలసి వచ్చింది. వారికి కూలి అందేది కాదు; తిట్లు మాత్రం అందేవి. క్లౌ తన పాత సర్వే విద్యతో మూడున్నర మైళ్ల కాలవను గుత్తకు తీసికొన్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది అక్కడ తట్ట మోసి కూలి తీసికొన్నారు. అది భిక్ష కాదు, మట్టి తవ్వినందుకు వచ్చిన కూలి. అయితే అక్కడ ఎక్కువ విలువైనది కూలి కాదు. పని చేయించేవాడు తమవాడు. సాయంకాలం పనిముట్టు కింద పెట్టి కూర్చుంటే, పక్కన కూర్చుని మాట్లాడే మేస్త్రీని వారు అంతకు ముందు చూచి ఎరుగరు.

ఆ రోజులలోనే జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇక్కడే నిందకు కీలకమైన ఘట్టం ఉన్నది. క్లౌ ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలపాటు, చేతిలో కరవు డబ్బు ఉన్నంతకాలం, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చిన మతం అన్నంతోనే పోతుందని ఆయనకు తెలుసు. 1878 జూన్‌లో కరవు సాయం ముగిసి, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం కదలలేదు. తమకు సాయం అక్కరలేదనీ, చేతుల మీది బొబ్బలే తమ కష్టానికి సాక్ష్యమనీ, మళ్లీ పంట పోతే చావక తప్పదు గాని క్రైస్తవులుగా చావదలచామనీ వారు చెప్పినట్లు క్లౌ రాశాడు. ఆ జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో దిగి వారికి బాప్తిస్మం ఇచ్చినది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొంటూ ఇచ్చారు.

ఇది మిషనరీ చెప్పిన కథే గదా, దీనిని ఎట్లా నమ్మడమని అడగవచ్చు. అడగవలసిందే. కాని తరువాత జరిగిన దానిని మిషనరీ ఒక్కడే చెప్పలేదు. చేరినవారికి మూడు షరతులు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. దూరం నుంచి చూచేవారికి ఇవి మతనియమాలు. గూడెం నుంచి చూస్తే ఇవి ఊరిమీద తిరుగుబాటు. చచ్చిన గొడ్డును ఎత్తడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున వెట్టికి పోవడం, ఇవే మాదిగను ఊరికి కట్టివేసిన తాళ్లు. వాటిని తెంచుకొన్నవారికి కళ్లంలో కొలిచే గింజలు ఆగిపోయాయి. దారులు మూసుకొన్నాయి, పనులు పోయాయి, దెబ్బలు తగిలాయి. అన్నం కోసం మతం మారినవారు, మారిన తరువాత ఉన్న అన్నాన్ని పోగొట్టుకోవడం ఎట్టి లెక్క?

ఆకలి మనిషి స్వేచ్ఛను హరిస్తుంది గనుక ఆకలిగొన్నవాడి ఒప్పుదల ఒప్పుదల కాదనేది ఈ పక్షంలోని బలమైన వాదం. దీనిని తేలికగా తోసివేయకూడదు. ఆకలి నిజంగానే మెడలు వంచుతుంది. కాని ఈ సూత్రం సత్యమైతే అది అంతటా సత్యం కావాలి. కళ్లంలో కొలిచే గింజల కోసం తరతరాలుగా చచ్చిన గొడ్లను ఎత్తినవాడి ఒప్పుదల మాత్రం ఎక్కడి ఒప్పుదల? గుడిలోకి రానివ్వని దేవుడి జాతరకు డప్పు కొట్టినవాడి భక్తి స్వేచ్ఛగా పుట్టిందా? ఉన్నచోట ఉండిపోవడానికి పెట్టిన గింజలు ధర్మమనీ, కదలిపోవడానికి తోడైన గింజలు ప్రలోభమనీ అనేవారు స్వేచ్ఛను గురించి మాట్లాడడం లేదు. వారు పోయిన పనివాడిని గురించి మాట్లాడుతున్నారు.

ఇంతవరకు చెప్పినది విని మిషన్ పక్షం సంతోషించనక్కరలేదు. గుండ్లకమ్మ ఒడ్డున పుట్టిన ఆ అంకెకు తరువాత ఏమి జరిగిందో చూడాలి. 2,222 అనే సంఖ్య సముద్రం దాటి అమెరికాకు చేరింది. సభలలో మారుమ్రోగింది, చందా పుస్తకాలలో ఎక్కింది. ఆ సంఖ్య ప్రసిద్ధమైంది; దానిలోని మనుషులు ప్రసిద్ధులు కాలేదు. వారికి బాప్తిస్మం ఇచ్చిన ఆరుగురి పేర్లు చెప్పమంటే, ఆ సంఖ్యను కంఠస్థం చేసినవారిలో ఎందరు చెప్పగలరు? పరదేశపు సేవకు ఉన్న జబ్బు ఇదే. డబ్బు ఇచ్చేవాడు దూరాన ఉంటాడు. అతనికి లెక్క చూపాలి. లెక్క చూపాలంటే మనిషిని అంకె చేయాలి, లేదా ఆకలి ముఖాన్ని బొమ్మ చేయాలి. ఎండిన డొక్కల పిల్లవాడి ఫోటో ఎన్ని రూపాయలు తెస్తుందో లెక్కగట్టిన నాడు, ఆ పిల్లవాడి ఆకలి అతని సొత్తు కాకుండా పోయింది.

ఈ మాటను మిషన్ సభలోనే, ముఖాముఖి చెప్పినవాడు ఒకడున్నాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి జిల్లాలో ఒక పల్లె గురువు కొడుకు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో ఒక మిషన్ పెట్టుకొని, తెలుగునేలలో నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్లుకు మనుషులను పంపారు. అజరయ్య తెలుగు నేర్చుకొని 1909లో తానే అక్కడికి వెళ్లాడు. 1910లో ఎడింబరో నగరంలో ప్రపంచ మిషన్ మహాసభ జరిగింది. వచ్చిన ప్రతినిధులు పన్నెండు వందలకు పైన. వారిలో ఆసియావారు ఇరవైకి లోపు. ఆ సభలో ముప్పై అయిదేండ్ల అజరయ్య లేచి, పాశ్చాత్య మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెప్పి, ఆస్తులూ దేహాలూ ఇచ్చినవారిని ఇంకొక్కటి అడిగాడు. స్నేహం ఇమ్మన్నాడు. సభ కలవరపడింది. కొందరు నొచ్చుకొన్నారు. మిషనరీ బంగళాలో భారతీయ సహోద్యోగి వరండా దాటి భోజనాల బల్ల వరకు రాని రోజులవి. అన్నం పెట్టడం తెలిసినవారికి కలిసి తినడం తెలియలేదని ఆ యువకుడు సభాముఖాన చెప్పాడు. రెండేండ్లకు, 1912లో, ఆయనే ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు.

మిషన్ సేవలో చూడవలసిన గుణం ఇక్కడ దొరుకుతుంది. పెట్టినవాడిని తిన్నవాడు ప్రశ్నించగలిగిన చోట సేవ సేవగా ఉంటుంది. ప్రశ్నించలేని చోట అది దొరతనం. అన్నా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చి వైద్యం ఆరంభించినప్పుడు, ఐడా స్కడ్డర్ 1918లో వేలూరులో స్త్రీలకు వైద్య విద్యాలయం తెరచినప్పుడు, అక్కడి మేలు కేవలం మందులో లేదు. ఈ దేశపు స్త్రీ చేతికి ఆ కత్తి, ఆ నాడి, ఆ నిర్ణయం అప్పగించడంలో ఉన్నది. ఈనాడు వేలూరు ఆసుపత్రిని నడిపేవారు భారతీయులు. పెట్టిన చెయ్యి వెనక్కు తీసికోగలిగిన సేవే నిలిచింది.

ఇక అవతలి పక్షం వైపు చూస్తే అక్కడా ఇదే జబ్బు మరొక రూపంలో ఉన్నది. మహాత్ముడు కూడా దీని నుంచి తప్పించుకోలేదు. 1936లో అమెరికా మిషన్ నాయకుడు జాన్ మాట్‌తో సంభాషిస్తూ, ఆవుకు సువార్త బోధిస్తారా అని గాంధీ అడిగారు. యేసుకూ మహమ్మదుకూ ఉన్న తేడా హరిజనులకు తెలియదని అన్నారు. ఆ మాట నొప్పించిందని తెలిసి, అందులో తిరస్కారం లేదని తరువాత వివరించారు. ఆయన హృదయాన్ని శంకించనక్కరలేదు. అస్పృశ్యత మీద ఆయన చేసిన యుద్ధం అందరూ ఎరిగినదే. కాని ఆ ఉపమానం లోపలి భావం మారలేదు. ఆవును ప్రేమించవచ్చు, పూజించవచ్చు. దానిని సలహా అడిగేవారు లేరు. అప్పటికి ఒక ఏడాది ముందే, 1935లో, యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించి ఉన్నారు. ప్రపంచ మతాలను ఇరవై ఏండ్లు పరిశీలించి, 1956లో నాగపూరులో ఆయన తన నిర్ణయం తీసికొన్నారు. తేడా తెలియనివారి జాతిలోనే ఈ మనిషి పుట్టాడు.

మహాత్ముడి నోట ఉపమానంగా వచ్చినది స్వతంత్ర దేశంలో శాసనంగా మారింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1954లో నియమించిన నియోగీ సంఘం మిషన్ల కార్యకలాపాలను విచారించి 1956లో నివేదిక ఇచ్చింది. 1967లో ఒరిస్సా, 1968లో మధ్యప్రదేశ్ మతస్వేచ్ఛ పేరుతో శాసనాలు చేశాయి. 1977లో సుప్రీం కోర్టు వాటిని సమర్థించింది. బలవంతాన్నీ మోసాన్నీ శిక్షించడంలో ఎవరికీ పేచీ లేదు. కాని ఒరిస్సా శాసనంలో ఒక చిన్న నిబంధన ఉన్నది. మారినవారు మైనరు గాని, స్త్రీ గాని, షెడ్యూల్డు కులాల లేదా తెగల మనిషి గాని అయితే మార్చినవారికి శిక్ష రెట్టింపు. పసిబిడ్డ, స్త్రీ, దళితుడు, గిరిజనుడు ఒకే వాక్యంలో చేరారు. వారిలో ఉమ్మడి లక్షణం ఏమిటి? వారి బుద్ధి వారిది కాదని శాసనకర్త తలచడమే. ఓటు వేసే రోజున వివేకవంతుడైన అరవై ఏండ్ల మాదిగ, ప్రార్థన చేసే రోజున పసివాడయ్యాడు.

ఈ కథకు మరొక అంచు ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. 2007లో రంగనాథ మిశ్రా కమిషన్ ఆ మతభేదాన్ని తొలగించమని చెప్పింది; 2022లో ఆ ప్రశ్న మరొక కమిషన్ చేతికి వెళ్లింది. దళితుడు గుడికి పోతే చదువుకూ ఉద్యోగానికీ దారి ఉంటుంది, చర్చికి పోతే మూసుకుపోతుంది. మతం ఎంచుకోవడానికి ముడిపెట్టిన లాభం ప్రలోభమైతే, ఈ ఉత్తర్వుకు ఏ పేరు పెట్టాలి? మిషన్ల గంజి కరవు తీరేవరకే. ఈ ఉత్తర్వు డెబ్బై ఏండ్లు దాటింది.

చర్చి లోపల ఉన్నవారు ఈ మాట విని చేతులు కడుగుకోవడానికి వీలు లేదు. తెలుగునేలలో ఒక మిషన్ మాలలదిగా, మరొకటి మాదిగలదిగా స్థిరపడింది. ఒకే క్రీస్తు రెండు గూడేల మధ్య ఎడంగానే నిలబడ్డాడు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ ఈ రెండు ద్వారాల మధ్యా నలిగినవాడు. హిందూ సమాజం ఆయన కులాన్ని చూచింది. పురాణకథలు రాసినందుకు క్రైస్తవ పెద్దలు ఆయన భక్తిని శంకించారు. ఆయన 1941లో 'గబ్బిలం' రాసి మొదటివారికి జవాబు చెప్పాడు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'క్రీస్తు చరిత్ర' రాసి రెండవవారికి చెప్పాడు. ఎవరూ ఇచ్చిన మాటలతో ఆయన మాట్లాడలేదు. అన్నం పెట్టినవారి భాష కాకుండా, తన పద్యం తాను తెచ్చుకొన్నాడు.

ఈనాటి సేవ రూపం మారింది. పరదేశాల నుంచి యువకులు వారం, పదిరోజుల యాత్రగా వచ్చి, బడిగోడకు రంగు వేసి, పిల్లలతో ఫోటో తీయించుకొని పోతున్నారు. వారి మంచితనం నిజమే. కాని ఆ గోడకు రంగు వేయగల కూలీ ఆ ఊరిలోనే పని లేక కూర్చుని ఉన్నాడని వారికి చెప్పినవారు లేరు. ఇట్లా దూరం నుంచి నడిచే సేవ ఎంత పెళుసైనదో 2017లో తెలిసింది. ప్రభుత్వం విదేశ విరాళాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేయడంతో, అమెరికాకు చెందిన కంపాషన్ ఇంటర్నేషనల్ ఈ దేశంలో తన పని నిలిపివేసింది. లక్షా నలభై వేలకు పైగా పిల్లలకు అందే భోజనమూ చదువు ఖర్చూ ఆగిపోయాయి. ప్రభుత్వం మతమార్పిడి అన్నది, సంస్థ సేవ అన్నది. పిల్లల తల్లిదండ్రులను పిలిచి, మీకేమి కావాలి, మీరేమి నమ్ముతున్నారు, ఇది ఆగితే మీరు ఏమి చేస్తారు అని ఏ పక్షమూ అడగలేదు.

అడగడం కష్టమైన పని కాదు. 1866లో పేరయ్య తానే నడిచి వచ్చి అడిగాడు. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున నిలబడినవారు, ఇచ్చేందుకు ఇక ఏమీ లేదని విన్న తరువాత, తమ మాట తాము చెప్పారు. 1910లో అజరయ్య సభ మధ్య లేచి చెప్పాడు. మాట లేక కాదు, వినేవాడు లేక ఈ వివాదం ఇన్నాళ్లు నడిచింది. ఆ జూలై ఉదయం గుండ్లకమ్మ నీటిలో దిగిన ఆరుగురికీ పేర్లు ఉన్నాయి. ఈసారి 2,222 అన్న అంకె పలికేవారు, పొగడడానికి గాని తిట్టడానికి గాని, ముందు ఆ ఆరు పేర్లు నేర్చుకొని రావాలి.